మంచిది, ఇక కూర్చో

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోతోంది. తూర్పున మల్కాజ్‌గిరి మిద్దెల మీద లేత ఎండ పొడ పడుతూనే ఉంది, పడమటి దిక్కున మాత్రం మబ్బు తడిసిన గోనెసంచిలా బరువుగా వేలాడుతోంది, కురవదు, కదలదు. చెట్టుమీద ఆకు ఊగడం లేదు. రాంగోపాల్‌పేట్ సందులో పరీక్ష జరిగే బడి గేటు ముందు నిలబడి రామభద్రరావు ఆ మబ్బుకేసే చూస్తున్నాడు, లోకంలో చూడటానికి ఇంకేదీ లేనట్టు. "మొగులైంది సారూ, పడ్తదంటవా?" అన్నాడు గేటు పక్కన కుర్చీ వేసుకున్న కానిస్టేబులు. "ఏమో" అన్నాడు. మొగులంటే మబ్బు. ఈ ఊరొచ్చిన కొత్తలో ఇంటి ఓనరమ్మ పైకి చూసి 'మొగులు పట్టింది' అంటే భార్య జగదాంబకు 'మొగుడు' అని వినిపించి, వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తు రావడమేమిటి, ఇదా నవ్వు గుర్తొచ్చే వేళ, అని తన మీద తనకే రోత పుట్టింది. మనసు ఎంత సిగ్గులేనిది, తలుపు ఎక్కడ తెరిచి ఉంటే అక్కడ దూరుతుంది. పిల్ల రావాలి. గేటు మూసేలోపు లాస్య రావాలి. వస్తే ఏ మొహంతో చూడాలి, రాకపోతే ఏ మొహంతో ఇంటికి వెళ్ళాలి.

సంగతి చెప్పింది లాస్యతో చదివే పృథ్వీ. పిల్లలంతా ఒక్కొక్కరే అట్టలు చంకన పెట్టుకుని వచ్చి, వద్దంటున్నా వంగి కాళ్ళకు దండం పెట్టి లోపలికి వెళ్తున్నారు. లెక్కల పరీక్ష నాడు లెక్కల సార్లను లోపల కాపలాకు వెయ్యరు, అందుకని అతను బయటే ఉండిపోయాడు, ఎవరైనా మర్చిపోయి వస్తే ఇవ్వడానికి జేబు నిండా పెన్నులతో. పృథ్వీ దండం పెట్టి లేచాడు గాని కదల్లేదు. "సార్, లాస్య వాళ్ళ బాపు చనిపోయిండు సార్." ఏ లాస్య అని అడిగాడు, తెలిసి కూడా. "మన లాస్యనే సార్. ఇంగ తెల్లారలే, చీకట్లనే. ఛాతిల నొప్పి అని లేచి కూసున్నడంట, నీళ్ళడిగిండంట, గంతే. మా గల్లీయే గద సార్, చూసొచ్చిన." రామభద్రరావు వాడి భుజం తట్టి, వెళ్ళు, పరీక్ష బాగా రాయి అన్నాడు. నోరు దాని అలవాటు కొద్దీ అది ఆ మాట అనేసింది. వాడు వెళ్ళాక గాని చీకట్లనే అన్న మాట లోపలికి దిగలేదు. దిగాక ఇక పైకి రాలేదు. చీకట్లనే. అంటే తను ఫోను చేసే వేళకి ఆయన లేడు. తను ఫోను చేసినప్పుడు ఆ పిల్ల చెప్పింది. చెప్పనే చెప్పింది. బాపు పోయిండు సార్ అంది. తనేమన్నాడు. మంచిది అన్నాడు. మంచిది, ఇక కూర్చో అన్నాడు.

పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే తెల్లవారుజామున పిల్లలకు ఫోన్లు చేసి లేపడం బళ్ళో సార్లందరికీ ఉన్న పనే. చదువులో వెనకబడ్డ వాళ్ళను తలా కొందరిని పంచుకుంటారు, దానికి 'దత్తత' అని పేరు. ఆ మాట మొదటిసారి స్టాఫ్ రూములో చదివి వినిపించిన రోజున హెడ్‌మాస్టర్ రాఘవేందర్ నవ్వాడు. "భద్రరావు సారూ, దత్తత అన్నంక ఆస్తి సుత రాసియ్యాలె మరి!" ఆస్తేముంది, చాక్‌పీసుల డబ్బా ఒకటి, అదీ గవర్నమెంటుదే, అని తనూ నవ్వాడు. ఇంటికొచ్చి చెబితే జగదాంబ నవ్వలేదు. "దత్తత అంటే ముందు అన్నం పెట్టాలి కదండీ. ఫోను చేసి లేపితే సరిపోతుందా?" అంది. ఆ మర్నాటినుంచి అతని క్యారేజీలో గిన్నె ఒకటి పెరిగింది. ఇవాళా ఉంది, భుజాన సంచిలో, పెరుగన్నం, పొద్దున్నే కలిపింది, దాని చల్లదనం చొక్కాలోంచి పక్కటెముకలకు తగులుతోంది. పొద్దున్న ఆవిడ పెరుగు కలుపుతుంటే తను గడ్డం గీసుకుంటున్నాడు. గీసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు కూడా. రెజిమెంటల్ బజార్ వెనక సందులో అప్పటికి లాస్య వాళ్ళ ఇల్లు ఏడుస్తోంది.

లాస్య రోజూ ఫోనెత్తి చెప్పేవి మూడే ముక్కలు. "లేచిన సార్. బాపు పోయిండు. కూసుంట." తను అనేదీ ఒకటే మాట, "మంచిది, ఇక కూర్చో." ఆ మూడు ముక్కల వెనక ఒక ఇల్లుంది. స్టేషన్ గోడకు ఆనుకున్న సందులో ఒకే గది, ఒకే ట్యూబులైటు, ఆ లైటు కింద ఒకే చాప. ఆ చాప తండ్రి కిషన్‌ది. పార్శిల్ ఆఫీసులో మూటలు దించే మనిషి, పొద్దుటి బండ్ల వేళకు స్టేషన్‌లో ఉండాలి. ఆయన పడుకున్నంతసేపూ లైటు వెయ్యరు, ఆయన లేచి పనికి బయలుదేరితే లైటు వేసి, ఆ చాప మీదే, వెచ్చదనం ఇంకా ఆరని చోటనే, పిల్ల పుస్తకం ముందేసుకుంటుంది. బాపు పోయిండు అంటే ఇక నాకు వెలుగూ చోటూ దొరికాయి సార్ అని. ఇన్నాళ్ళూ ఆ మాటకు అర్థం అదే. ఇంట్లో ఉన్నది ఆయన ఫోనొక్కటే. సారు ఫోను చేస్తాడని, పరీక్షలయ్యేదాకా దాన్ని ఇంట్లోనే వదిలి వెళ్ళేవాడట. మొదట్లో కొన్నాళ్ళు ఆయనే ఎత్తేవాడు. "లేపిన సార్, నేనే లేపిన, మీరెందుకు పరేషాన్ అయితరు, జెరసేపు పండుకోండ్రి" అనేవాడు. ఆ గొంతులో నిద్ర ఉండేది కాదు, మూటలెత్తే ముందు మనిషి గొంతు సవరించుకుంటాడే, అలాంటి గరగర ఉండేది.

ఇవాళ ముందు ముక్క లేదు, వెనక ముక్క లేదు. లేచిన అనలేదు, కూసుంట అనలేదు. మధ్య ముక్క ఒక్కటే వచ్చింది. "బాపు పోయిండు సార్." రోజూ వినే చెవి మిగతా రెండూ తనే కలుపుకుంది. పైగా పోయిండుకీ సార్‌కీ మధ్య సందుంది, ఒక మనిషి గుటక వేసేంత సందు. అదీ విన్నాడు. వెనకాల ఏదో శబ్దం, సన్నగా, సాగి, తెగి, మళ్ళీ సాగింది. అదీ విన్నాడు, స్టేషన్ పక్క ఇల్లు కదా, ఏ బండో కూతేస్తోంది అనుకున్నాడు. త్రికోణమితి ఒకసారి మళ్ళీ చూసుకో అని కూడా అన్నాడు. అని, పెట్టేసి, కాఫీ తాగాడు. కాఫీలో పంచదార తక్కువైందన్నాడు.

ఎవరికైనా చెబితే నమ్ముతారా, తెలుగువాడివై ఉండి పోయాడంటే చచ్చిపోయాడని తెలియలేదా అంటారు. తెలియకేం. రేపల్లె పక్క తన ఊళ్ళో ఆ మాటకు ఇంకో అర్థమే లేదు. మనుషులు వెళ్తారు, వస్తారు, పోవడమంటే ఒక్కసారే పోతారు. చిన్నప్పుడు బడికి బయలుదేరుతూ పోతున్నానమ్మా అంటే తల్లి పరుగున వచ్చి నోరు మూసేది, వెళ్ళొస్తాననరా, వెళ్ళొస్తాననాలి. అలాంటి చెవితో ఈ ఊరొచ్చాడు. ఉద్యోగంలో చేరిన తొలి వారం హాజరు పిలుస్తుంటే కల్పలత అనే పిల్ల పలకలేదు. కల్పలత ఏది అన్నాడు. "పోయింది సార్" అన్నారు అందరూ. గుండె ఆగింది. ఎప్పుడు? "ఇప్పుడే సార్." ఎలా? "నడుసుకుంట సార్." చాక్‌పీసు కింద పెట్టి, అందరూ లేచి నిలబడండి అన్నాడు. నిలబడ్డారు, ఎందుకో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ. తను కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి కల్పలత గుమ్మంలో ఉంది, చేతులు కడుక్కుని గౌనుకు తుడుచుకుంటూ, "మే ఐ కమిన్ సార్?" అంటోంది. ఆ కథ స్టాఫ్ రూములో ఎన్నిసార్లు చెప్పించుకున్నారో, పెళ్ళిళ్ళలో, రిటైర్‌మెంటు పార్టీల్లో, కొత్తగా చేరిన ప్రతి సారుకూ. చెప్పిన ప్రతిసారీ తనే ముందు నవ్వేవాడు. ఆనాటి నుంచి చెవిని మలుచుకున్నాడు. ఈ పిల్లలు పోయిండు అంటే వెళ్ళాడని, పోతున్న అంటే వెళ్తున్నానని, ఏడాదికేడాది ఆ పాత అర్థాన్ని అరగదీసి అరగదీసి, చివరికి ఆ మాట వింటే లోపల ఏదీ ఉలిక్కిపడకుండా చేసుకున్నాడు. ఈ ఊరివాణ్ణి అయ్యానని గర్వపడ్డాడు కూడా. ఇవాళ కల్పలత గుమ్మంలోకి రాలేదు.

ఫోను తీశాడు. కిషన్ నంబరు. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేశాడు. ఆడగొంతు ఎత్తింది. "ఎవలు?" లెక్కల సారునమ్మా. "ఆఁ సార్, నేను ఎలీనాను, పక్కింటి ఎలీనా. సుమిత్రకు సోయి లేదు సార్, మాట్లాడే స్థితిల లేదు." సుమిత్ర లాస్య తల్లి. పిల్ల ఎలా ఉందమ్మా అన్నాడు. ఎలీనా గొంతు తగ్గించింది, పక్కకు జరిగినట్టుంది, ఏడుపులు దూరమయ్యాయి. "పిల్ల ఏడ్వలే సార్. గదే మాకు భయమైతుంది. మీ ఫోనొచ్చింది గద, మాట్లాడింది, ఫోను పెట్టేసి బుక్కు తీసింది. లైటు కింద పండవెట్టినం గద ఆయనను, ఆయన తల్కాడ కూసొని సదువుడు షురూ జేసింది. ఏందే పిల్లా, గిట్ల జేస్తున్నవేందే అని నేనే గుంజిన బుక్కు. సారు కూసోమన్నడు ఆంటీ అన్నది." గేటు అవతల బడి గంట ఒకటి మోగింది, మొదటిది. "పంపుతారా అమ్మా పరీక్షకి?" అన్నాడు. "సుమిత్ర తమ్ముడొచ్చిండు సార్, శవం ఇంట్ల వెట్టుకొని పరీచ్చేంది అని లొల్లి జేస్తుండు. సదివింది సాలు, ఊరికి తోలుకపోత అంటుండు. సుమిత్ర ఏమంటదో సూడాలె. నా బండి అయితే బయటనే పెట్టిన." పెట్టేసింది.

రెండో గంటకు గేటు మూస్తారు. ఆ తర్వాత కాస్త గడువిస్తారు, అంతే. ఈ ఒక్క పరీక్ష తప్పితే మళ్ళీ ఎండాకాలంలో రాసుకోవచ్చని నోటితో అనుకోవచ్చుగాని, ఇన్నేళ్ళలో తను చూసింది వేరు. ఇంట్లో చావు జరిగి పరీక్ష తప్పిన పిల్లలు మళ్ళీ బడి గుమ్మం తొక్కిన దాఖలా లేదు. బట్టల కొట్లో మడతలు పెడుతూ కనిపిస్తారు, మొహం తిప్పుకుంటారు, లేదా నమస్తే సార్ అని మరీ పెద్దగా అంటారు. మేనమామ ఊరికి తీసుకెళ్తే అదీ కనిపించదు. ఆ పిల్లకు లెక్కలు రావు, రానివాళ్ళలో రానిది. ఏడో తరగతి దాకా తెలుగు మీడియం, ఆపైన ఇంగ్లీషు మీడియం చేశారు, అప్పటి నుంచి ప్రశ్నే అర్థంకాక అంకెలు వెతుక్కుని వాటిని కూడేసేది. ఏడాదంతా బడి వదిలాక కూర్చోబెట్టుకున్నాడు. ఒక్కచోట మాత్రం ఎంత చెప్పినా జారేది. సమానం గుర్తుకు ఇవతల ఉన్నది అవతలకు వెళ్తే గుర్తు మారుతుంది, కూడిక తీసివేత అవుతుంది. మార్చకుండానే దించేది. మార్చమ్మా అంటే ఒకనాడు తలెత్తి అడిగింది, "గదే అంకె గద సార్, ఆడికి పోయినంత మాత్రాన గుర్తెందుకు మారాలె?" అప్పుడు తనకు ముచ్చటేసింది. నియమం అమ్మా, అవతలకు వెళ్తే మారుతుంది, మరిచిపోకు అన్నాడు. మరిచిపోయింది ఎవరు. ఆ పిల్ల చెప్పిన మాటను గుర్తు మార్చకుండా దించుకుంది ఎవరు.

కిషన్ బడికి ఒక్కసారే వచ్చాడు, తల్లిదండ్రుల మీటింగుకు. లోపలికి రమ్మంటే రాలేదు, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే. ఒక భుజం రెండోదానికన్నా దిగి ఉంది, దాని మీద తుండుగుడ్డ మడత పెట్టి ఉంది, మూటలేని వేళ కూడా. "లెక్కలు నాకు సుత రావు సార్. బిడ్డకు నా తలకాయనే అచ్చింది, దాని తప్పేం లేదు" అని నవ్వాడు. తనూ నవ్వి, పాసవుతుంది, నాది పూచీ అన్నాడు. పూచీ అన్నాడు. అంత పెద్ద మాట అంత తేలిగ్గా ఎలా వచ్చింది నోటికి. మాటలతో బతికేవాడికి మాటల బరువు తెలియదు కాబోలు, మూటలతో బతికేవాడు అది తలకెత్తుకుని వెళ్ళాడు. ఫోను ఇంట్లో వదలడం ఆ మర్నాడే మొదలైందట. ఛాతీలో నొప్పి ఎన్నాళ్ళ నుంచి ఉందో, పనిలో ఉండగా వస్తే ఎవరికి ఫోను చేస్తాడు, ఏ ఫోనుతో చేస్తాడు. ఇంట్లోనే వచ్చింది, నీళ్ళు అడిగాడు, అంతవరకూ నయం. అంతవరకూ నయం అంటున్నావా, నోరు ముయ్యి. ఆయన తల దగ్గర కూర్చుని త్రికోణమితి. కొండ మీద నుంచి చూస్తే ఓడ ఎంత కోణంలో కనిపించును. ఒక స్తంభం నీడ. ఎవరు నిలబెట్టారమ్మా ఆ స్తంభాన్ని, ఎవరికి కావాలి దాని ఎత్తు. మబ్బు పడమటి నుంచి ఇంకాస్త ఇవతలకు జరిగింది, లేదా తనకే అలా ఉంది. రెండో గంట మోగింది. కానిస్టేబులు లేచి కుర్చీ మడిచాడు. "ఇంకో అమ్మాయి ఉంది, ఒక్క నిమిషం" అన్నాడు రామభద్రరావు. "అందరూ గట్లనే అంటరు సారూ." వాళ్ళ నాన్న పోయాడు అన్నాడు. కానిస్టేబులు ఈ ఊరివాడే. "యాడికి?" అన్నాడు.

యాడికి. రామభద్రరావు చేయి పైకి లేచింది, మబ్బు వైపో, స్టేషన్ వైపో, ఎటు వైపో. కానిస్టేబులు ఆ చేతిని చూసి, అతని మొహం చూసి, గేటు రెక్క మీద చెయ్యి వేశాడు, మూయకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు మలుపులో స్కూటరు కనిపించింది. ముందు ఎలీనా, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, వెనక లాస్య, యూనిఫాం ఇస్త్రీ మడతలతో, తలకు నూనె లేదు, ఒళ్ళో అట్ట. దిగింది. దిగితే టపటపమని చప్పుడు. కాళ్ళకు మగవాళ్ళ రబ్బరు చెప్పులున్నాయి, మడమల వెనక బెత్తెడు మిగిలేంత పెద్దవి. గుమ్మంలో జనం చెప్పుల కుప్పలో కాలికి ఏవి తగిలితే అవి తొడుక్కుందేమో. అవి కిషన్‌వేనని ఎవరూ చెప్పకుండానే తెలిసింది అతనికి, ఆనాడు చేత్తో పట్టుకుని నిలబడ్డవి. పిల్ల ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్ళు పొడిగా ఉన్నాయి, రాత్రంతా పొగ పట్టినట్టు అంచులు మాత్రం ఎర్రగా. అతను అంతసేపూ పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ చేతికి రాలేదు. "పెన్ను ఉందా అమ్మా?" అన్నాడు. "ఉంది సార్." మామూలుగా వంగి కాళ్ళకు దండం పెట్టబోయింది, భుజం పట్టి ఆపాడు. "సదివిన సార్. త్రికోణమితి మల్ల సూసిన" అంది. ఆ మాటకు ఎలీనా పక్కకు తిరిగింది. పిల్ల టపటపమంటూ లోపలికి వెళ్ళింది. గేటు మూసుకుంది.

తర్వాత కాలం ఎలా కదిలిందో అతనికి తెలియదు. ఎలీనా వెళ్ళలేదు, బండికి ఆనుకుని నిలబడింది. సుమిత్రే పంపిందట. మూర్ఛలోంచి తేరుకుని, తమ్ముడి ముందు లేచి నిలబడి, ఆయన ఫోను ఇడిసిపెట్టి పోయేది దేనికోసమనుకున్నవురా, బిడ్డ రాసొచ్చేదాక శవాన్ని లేపేది లేదు, నేను లేపనియ్య అందట. అంత గట్టిగా మాట్లాడగా ఆమెను ఆ గల్లీలో ఎవరూ వినలేదట. "ఒక్కటే చెప్పింది సార్. పిల్ల రాత్రి సుత సరిగ తినలే. ఇంటికొస్తే ఆయనను లేపేదాక ఎవ్వల నోట్ల మెతుకు పడది, పొయ్యి ముట్టియ్యరు. రాసినంక బయటనే ఏమన్న తినిపించుకొని తోలుకరా ఎలీనా అన్నది." రామభద్రరావు సంచి మీద చెయ్యి వేసుకున్నాడు. దత్తత అంటే ముందు అన్నం పెట్టాలి కదండీ. బడి గోడ వారన సిమెంటు అరుగు మీద కూర్చున్నాడు. లోపల నిశ్శబ్దం, ఒక్కోసారి అట్ట మీద కాగితం తిప్పిన చప్పుడు వినిపించినట్టయ్యేది, అంత దూరం వినిపించదు. చెప్పాలి. బయటికి రాగానే చెప్పాలి, అమ్మా, నేను అనుకుంది వేరు, ఆయన పనికి వెళ్ళాడనుకున్నాను. చెబితే ఏమవుతుంది. తండ్రి పోయాడని చెప్పుకోవడానికి ఆ పిల్లకు ఆ చీకట్లో దొరికిన మొదటి మనిషి తనే, ఆ మనిషికి మాట అర్థమే కాలేదని తెలుస్తుంది. చెప్పకపోతే. సారుకు చెప్పాను, సారు మంచిది అన్నాడు, అని బతుకంతా లోపల ఉంచుకుంటుంది, కొన్నాళ్ళకు రాయిలా గట్టిపడుతుంది. రెండింటిలో ఏది తక్కువ బరువు. ఇటునుంచి అటు మార్చి చూశాడు, అటునుంచి ఇటు. సమానం కావడం లేదు. ఎండ వచ్చింది, అరుగు కాలింది, మళ్ళీ మబ్బు ఎండను మింగేసింది. స్టేషన్ వైపు నుంచి ఒక బండి కూత, సన్నగా, సాగి. ఈసారి అది బండి కూతే. అయినా ఒళ్ళు ఝల్లుమంది. ఇక మీదట ఏ కూత వినిపించినా ఇంతే కాబోలు.

గంట మోగింది. పిల్లలు ఒక్కసారిగా విరుచుకుపడి, జవాబులు అరుచుకుంటూ, చేతులు ఊపుకుంటూ వచ్చారు, ఆ గోలలోంచి చివరికి టపటపమంటూ ఆమె. అరుగు దగ్గరకు వచ్చి నిలబడింది. "అన్నీ రాయలే సార్. రానియి రానియే" అంది. "గుర్తు మాత్రం అంతట మార్చిన." సరే అమ్మా, కూర్చో అనబోయి, ఆ మాట నోట్లోనే ఆపుకుని, పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమే కూర్చుంది. చెప్పులు విప్పి, వాటిని రెంటినీ పక్కపక్కన, మొనలు బయటి వైపు ఉండేలా సర్దిపెట్టింది, పొద్దున్నే ఎవరో తొడుక్కుని బయలుదేరేట్టు. "లాస్యా" అన్నాడు. "పొద్దున నువ్వు ఫోనులో చెప్పినప్పుడు..." ఆగిపోయాడు. ఏళ్ళ తరబడి నల్లబల్ల ముందు ఆగని గొంతు. "నాకు అర్థం కాలేదమ్మా. ఆయన రోజూలాగే పనికి..." 

"తెలుసు సార్" అంది పిల్ల. చూపు చెప్పుల మీదే ఉంది. "మీరు మంచిది అన్నప్పుడే సమజైంది. మల్ల చెప్దామనుకున్న. చెప్పలే." చెప్పు మొన ఒకటి వేలితో సరిచేసింది. "ఇంట్ల అందరికి ఎర్కనే గద సార్. మీ లెక్కల ఒక్కటే ఆయన డ్యూటీకి పోయిండు. జెరసేపు గట్లనే ఉండనీ అనుకున్న."

అతను సంచిలోంచి క్యారేజీ తీశాడు. పెరుగన్నం గిన్నె ఆమె ముందుకు జరిపి, మూతలో కొంత తీసి ఎలీనాకు పట్టాడు. నాకెందుకు సార్ అన్నట్టు చెయ్యి ఊపింది గాని, పిల్ల మొహం చూసి, వచ్చి అరుగు చివర కూర్చుని అందుకుంది. లాస్య గిన్నెలో చెయ్యి పెట్టి ముద్ద చేసి, పట్టుకునే ఉంది, నోటిదాకా తేలేదు. రామభద్రరావు తన గిన్నెలోంచి ముందు తను ఒక ముద్ద తిన్నాడు. అది చూసి ఆమె తింది. జగదాంబ వేయించి వేసిన చల్లమిరపకాయ ఒకటే ఉంది గిన్నెలో. పిల్ల దాన్ని రెండుగా విరిచి, ఒక ముక్క అతని అన్నం అంచున పెట్టింది. మబ్బు నెత్తిమీదికి వచ్చి నిలిచింది, కురవలేదు. అవతల స్టేషన్‌లో ఏదో బండి ఆగింది, ఎవరో మూటలు దించుతూ ఉండి ఉంటారు. అరుగు మీద ముగ్గురూ తలలు వంచుకుని, గిన్నెలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.